మచ్చను దాచిపెట్టించిన చట్టాలు



1880 మే నెలలో నార్వే దేశంలోని బెర్గెన్ పట్నంలో ఒక డాక్టరు మీద కోర్టు తీర్పు చెప్పింది. ఆయన అల్లాటప్పా వైద్యుడు కాదు. పేరు గెర్హార్డ్ ఆర్మవర్ హాన్సెన్. 1873లో కుష్ఠు రోగుల ఒంటి మీది కణుతులను మైక్రోస్కోపు కింద పెట్టి, అందులో కడ్డీల్లాంటి సూక్ష్మజీవులను చూసినవాడు. ఈ జబ్బు వంశంలోంచి రాదు, ఒక క్రిమి వల్ల వస్తుంది అని మొదట చెప్పినవాడు. డాక్టర్లు ఇప్పటికీ కుష్ఠును హాన్సెన్ వ్యాధి అంటారు.

మరి అంతటి మనిషి కోర్టు మెట్లు ఎందుకు ఎక్కాల్సి వచ్చింది? ఆ క్రిమి ఒకరి నుంచి మరొకరికి అంటుతుందని రుజువు చేయడం ఆయనకు చేతకాలేదు. జంతువుల మీద ప్రయత్నిస్తే ఫలితం రాలేదు. 1879 నవంబరులో, తన ఆసుపత్రిలోనే ఉన్న ఒక స్త్రీ కంట్లో, వేరే రోగి కణితిలోంచి తీసిన పదార్థాన్ని కత్తిమొనతో గుచ్చాడు. ఆమెను అడగలేదు. ఎందుకు అడగలేదంటే, ఈ ప్రయోగాన్ని నేను చూసినట్టు ఆమె చూడదనుకున్నాను అని ఒప్పుకున్నాడు. ఆ ఆసుపత్రి ఉద్యోగంలోంచి కోర్టు ఆయన్ను తప్పించింది. దేశం మొత్తానికి కుష్ఠు వ్యవహారాలు చూసే ప్రధాన వైద్యాధికారి పదవి మాత్రం ఆయనకే మిగిలింది.

బెర్గెన్ నుంచి ప్రపంచానికి రెండు పాఠాలు అందాయన్నమాట. కుష్ఠు ఒక క్రిమి వల్ల వస్తుందన్నది మొదటిది. జబ్బుపడిన మనిషి కూడా మనిషే, ఆమె ఒంటి మీద చెయ్యి వేయాలంటే ఆమెను అడగాలి అన్నది రెండోది. ప్రపంచం మొదటిదాన్ని అందుకుంది. రెండోదాన్ని అందుకోవడానికి నూరేళ్లకు పైగా పట్టింది. ఆ ఆలస్యానికి లక్షలమంది మూల్యం చెల్లించారు. ప్రజారోగ్యానికీ మానవ హక్కులకూ ఉన్న సంబంధం గురించి ఇవాళ మాట్లాడుకుందాం. ఈ రెండింటినీ తక్కెడలో చెరోవైపు పెట్టి తూచడం మనకు అలవాటు. ఒకటి పెరగాలంటే రెండోది తగ్గాలి అనుకుంటాం. కుష్ఠు చరిత్ర ఆ లెక్క తప్పని చెబుతుంది.

1889లో హవాయి దీవుల్లో కుష్ఠు రోగులకు సేవ చేస్తూ ఫాదర్ డేమియన్ అదే జబ్బుతో చనిపోయాడు. యూరప్‌లో భయం పుట్టింది. ఇంగ్లండులో చందాలు పోగుచేసి, 1890లో ఒక కమిషన్‌ను మన దేశానికి పంపించారు. ఆ కమిషన్ సభ్యులు దేశమంతా తిరిగారు, రోగులను చూశారు, లెక్కలు తీశారు. ఇది అంటుకునే జబ్బే కానీ అంటుకునే ప్రమాదం చాలా స్వల్పం, రోగులను బలవంతంగా నిర్బంధించనక్కర లేదు అని తేల్చారు. పంపించిన పెద్దలకు ఆ మాట రుచించలేదు. 1897లో బెర్లిన్‌లో తొలి అంతర్జాతీయ కుష్ఠు మహాసభ జరిగింది. నార్వేలో జబ్బు తగ్గింది, రోగులను వేరుచేయడమే దానికి కారణం అని హాన్సెన్ అక్కడ చెప్పాడు. నిజానికి నార్వేలో నిర్బంధ చట్టాలు రాకముందే రోగుల సంఖ్య తగ్గుముఖం పట్టింది. అయినా సభ ఆయన మాటే విన్నది.

మరుసటి ఏడే, 1898లో, బ్రిటిష్ ఇండియాలో లెపర్స్ యాక్ట్ వచ్చింది. ఆ చట్టం ఎవరిని పట్టుకోమన్నదో జాగ్రత్తగా వినండి. పుండ్లు పడిన రోగి అయి ఉండి, బిచ్చమెత్తుతూనో, బతుకుతెరువు లేకుండానో తిరుగుతున్నవాణ్ణి పట్టుకోమంది. అలాంటివాణ్ణి పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. మేజిస్ట్రేటు ఆశ్రమానికి పంపవచ్చు. పారిపోతే మళ్లీ పట్టి తేవచ్చు. చట్టం అమలైన ప్రాంతాల్లో రోగులు తినుబండారాలు చేసి అమ్మకూడదు, బాడుగ బండి తోలకూడదు, నిషేధించిన బావిలో నీళ్లు తోడకూడదు. ఇల్లూ వాకిలీ ఉన్న రోగి జోలికి మాత్రం పోలీసు వెళ్లడు. క్రిమికి ధనికుడూ పేదా తేడా లేదు. చట్టానికి ఉంది. అంటే ఆ చట్టం కన్ను రోగం మీద కంటే పేదరికం మీదే ఎక్కువగా ఉంది.

ఇలాంటి చట్టం ఉన్న ఊళ్లో ఒక మనిషి ఒంటి మీద చిన్న మచ్చ కనబడిందనుకోండి. రాగి రంగులోనో, కాస్త పాలిపోయో ఉంటుంది. దురద లేదు, నొప్పి లేదు. గిల్లితే తెలియదు. అతనేం చేస్తాడు? చొక్కా గుండీ పైదాకా పెట్టుకుంటాడు. ఆమె అయితే కొంగు ఇంకాస్త లాక్కుంటుంది. పెద్దరోగం అన్న మాట ఇంట్లో పైకి రాకూడదు. చెల్లెలి పెళ్లి ఆగిపోతుంది, పిల్లల చదువు ఆగిపోతుంది, చాకిరేవులో మాటలు మొదలవుతాయి.

ఈ జబ్బు స్వభావం చూస్తే ఆ దాచుకోవడం ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. కుష్ఠు క్రిమి చాలా నెమ్మదైనది. ఒంట్లో చేరాక బయటపడటానికి సగటున ఐదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు కూడా పడుతుంది. నూటికి తొంభై ఐదు మందికి పుట్టుకతోనే దాన్ని తట్టుకునే శక్తి ఉంది. మిగిలినవారిలో అది నరాలను పట్టుకుంటుంది. చేతిలో స్పర్శ పోతుంది. పొయ్యి మీది గిన్నె చేత్తో దించినా కాలినట్టు తెలియదు. కాలిలో ముల్లు దిగినా తెలియదు. పుండు పడుతుంది, ముదురుతుంది, ఎముక దాకా పోతుంది. కుష్ఠు వస్తే మాంసం దానంతటదే రాలిపోతుందని లోకం అనుకునేది. తెలియకుండా తగిలిన దెబ్బలే వేళ్లను తినేస్తున్నాయని 1940ల చివర్లో వెల్లూరులో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ గమనించాడు. స్పర్శ పోయిన కొత్తలో, ఆరు నెలల లోపల వైద్యం అందితే నరం చాలావరకు కోలుకుంటుంది. ఆలస్యమైతే వంకరపోయిన వేళ్లు వంకరగానే మిగిలిపోతాయి.

ఇప్పుడు గొలుసు చూడండి. చట్టం భయపెడుతుంది, భయపడ్డవాడు దాక్కుంటాడు, దాక్కున్నవాడికి వైద్యం అందదు, వైద్యం అందక అంగవైకల్యం వస్తుంది, ఆ వైకల్యం చూసి ఊరు ఇంకా భయపడుతుంది, ఊరి భయం చూసి ప్రభుత్వం ఇంకో చట్టం చేస్తుంది. ఈలోగా దాక్కున్న రోగి ఇంట్లో, అదే చీకటి గదిలో, పిల్లలకు క్రిమి అంటుకుంటూనే ఉంటుంది. ప్రజలను కాపాడతానని వచ్చిన చట్టమే జబ్బుకు దాక్కునే చోటు చూపించింది.

దీనికి భిన్నంగా జరిగింది మన నేల మీదే ఉంది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో, రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళంతో, ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు డాక్టరమ్మ 1915 ప్రాంతంలో కుష్ఠు ఆసుపత్రి కట్టించారు. అప్పట్లో చాల్‌మూగ్రా జాతి గింజల నూనెతో సూదిమందు ఇచ్చేవారు. అది గొప్ప మందేమీ కాదు. అయినా అక్కడ మనిషిగా చూస్తారు, కాస్తో కూస్తో నయమవుతుంది అన్న మాట పాకింది. జనం తమంతట తామే వచ్చారు. చోటు చాలక కొందరిని వెనక్కి పంపవలసి వచ్చేది. మందు అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లోనే నమ్మకం ఇంత పని చేసింది.

గాంధీజీకి ఈ సంగతి తెలుసు. సంస్కృత పండితుడు పర్చూరే శాస్త్రికి కుష్ఠు సోకితే, సేవాగ్రామంలో తన కుటీరానికి దగ్గర్లోనే ఆయనకు ఇల్లు కట్టించి, స్వయంగా ఒళ్లు మర్దనా చేశారు. ఆయన వర్ధంతి అయిన జనవరి 30నే మన దేశం కుష్ఠు నివారణ దినంగా పాటిస్తోంది. ఆయన పేరుతో 1951లో వార్ధాలో మొదలైన గాంధీ స్మారక కుష్ఠు నిధి, డాక్టర్ వార్డేకర్ ఆలోచన మేరకు, ఆశ్రమాలు కట్టడం మాని ఇంటింటికీ వెళ్లడం మొదలుపెట్టింది. సర్వే చెయ్యి, జనానికి చెప్పు, ఇంటి దగ్గరే మందివ్వు. ఇంతే పద్ధతి. తర్వాత జాతీయ కార్యక్రమం ఈ బాటే పట్టింది. పోలీసు తలుపు కొడితే పెరటి దారిన పారిపోయే మనిషి, మందులసంచీతో వచ్చినవాడికి తలుపు తీస్తాడు.

ఈలోగా అసలైన మందులు వచ్చాయి. 1941లో అమెరికాలోని కార్విల్ ఆసుపత్రిలో ప్రోమిన్ అనే మందు మొదట ప్రయత్నించారు. దాని వెనకే డాప్సోన్ మాత్రలు వచ్చాయి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు మూడు మందులు కలిపి వాడమన్నారు. జబ్బు తీరునుబట్టి ఆరు నెలలో, ఏడాదో మాత్రలు మింగితే చాలు. వైద్యం మొదలైన కొద్ది రోజులకే ఆ మనిషి నుంచి ఇంకొకరికి అంటదు. 1995 నుంచి ఈ మాత్రలు ప్రపంచమంతటా ఉచితం. జబ్బు నయమవుతోంది గనక చట్టాలు వాటంతటవే రద్దయిపోవాలి కదా? కాలేదు. ఇక్కడ కాస్త ఆగి జపాన్ కథ వినాలి.

జపాన్‌లో 1907లో తొలి చట్టం వచ్చింది. అది దిక్కులేక తిరిగే రోగుల కోసం. 1931లో దాన్ని రోగులందరికీ వర్తింపజేశారు. మా జిల్లాలో ఒక్క కుష్ఠు రోగీ మిగలకూడదని జిల్లాలు పోటీలు పడ్డాయి. ఇరుగుపొరుగులే చెప్పిచ్చేవారు. అధికారులు వచ్చి మనిషిని తీసుకుపోయి, ఇల్లంతా మందు చల్లి పోయేవారు. ఇక ఆ ఇంటి పిల్లలకు పెళ్లిళ్లు జరిగేవి కావు. దీవుల్లో కట్టిన ఆసుపత్రుల్లో చాలామంది మారుపేర్లతో బతికారు, ఇంటివాళ్లకు మచ్చ రాకూడదని. అక్కడ పెళ్లి చేసుకోవాలంటే ముందు మగవాడికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేవారు. కడుపు వస్తే తీయించేవారు. కుష్ఠు వంశపారంపర్యం కాదని ఆ డాక్టర్లకు తెలుసు. తెలిసీ చేశారు.

1940ల చివరికల్లా ప్రోమిన్ జపాన్‌కు వచ్చింది. రోగులు కోలుకోవడం కళ్లముందే కనబడింది. అయినా 1951లో పార్లమెంటు ముందుకు వచ్చిన కెన్సుకే మిత్సుదా అనే పెద్ద డాక్టరు, పట్టు ఇంకా బిగించాలని చెప్పాడు. అదే ఏడు ఆయనకు దేశపు అత్యున్నత సాంస్కృతిక పురస్కారం దక్కింది. 1953లో కొత్త చట్టం నిర్బంధాన్ని కొనసాగించింది. రోగులు నిరాహార దీక్షలు చేశారు, పార్లమెంటు ముందు బైఠాయించారు, వినేవాళ్లు లేరు. ఆ చట్టం రద్దయింది 1996లో. గేట్లు తీసేసరికి లోపలున్నవారు ముసలివారైపోయారు. వెళ్లడానికి ఇల్లు లేదు, పిలిచేవారు లేరు.

1998లో పదముగ్గురు రోగులు కుమామోతో కోర్టుకు వెళ్లారు. 2001 మే 11న తీర్పు వచ్చింది. ఎంత లేదన్నా 1960 నాటికే ఈ నిర్బంధానికి ఏ అవసరమూ లేదు, అది రాజ్యాంగ విరుద్ధం అని కోర్టు తేల్చింది. ప్రధాని కొయిజుమి అప్పీలుకు వెళ్లలేదు, క్షమాపణ చెప్పారు. 2019లో అదే కోర్టు ఇంకో అడుగు వేసింది. రోగుల కుటుంబాలు అనుభవించిన వెలికి కూడా ప్రభుత్వమే బాధ్యత వహించాలంటూ ఐదు వందల మందికి పైగా పరిహారం ఇప్పించింది.

జపాన్‌ను అని ఊరుకుంటే మనకు న్యాయం కాదు. 1955 సంవత్సరం తీసుకోండి. ఆ ఏడు మన దేశంలో జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమం మొదలైంది. రండి, పరీక్ష చేయించుకోండి, మందు ఇస్తాం అని ప్రభుత్వం పిలిచింది. ఆ ఏడే హిందూ వివాహ చట్టమూ వచ్చింది. భార్యకో భర్తకో నయంకాని తీవ్రమైన కుష్ఠు ఉంటే విడాకులు తీసుకోవచ్చని అందులో రాశారు. ఒక చేత్తో పిలిచి, ఇంకో చేత్తో తలుపు మూయడమంటే ఇదే. ఆసుపత్రికి వెళ్లిన ఇల్లాలికి డాక్టరు రాసిచ్చిన చీటీ రేపు కోర్టులో తన మీదే సాక్ష్యం కావచ్చు. అలాంటప్పుడు ఆమె ఆసుపత్రి మెట్టు ఎందుకు ఎక్కుతుంది?

మూడు మందుల వైద్యం వచ్చింది, నయంకాని కుష్ఠు అన్న మాటకే అర్థం లేకుండా పోయింది. చట్టంలో మాత్రం ఆ మాట అలాగే ఉండిపోయింది. ఒరిస్సాలో ఒకాయన పురపాలక ఎన్నికల్లో నెగ్గాడు. కుష్ఠు ఉన్నవారు పోటీకి అనర్హులని అక్కడి మునిసిపల్ చట్టం చెప్పడంతో పదవి పోయింది. నాకు నయమైంది మహాప్రభో అన్నాడు. 2008లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేయలేదు, కాలం మారింది గనక చట్టసభలు మళ్లీ ఆలోచించాలని మాత్రం సూచించింది. 2015లో జస్టిస్ ఎ.పి. షా అధ్యక్షతన లా కమిషన్ ఇచ్చిన 256వ నివేదిక ఇలాంటి చట్టాలన్నిటినీ ఏరి చూపించింది. 1898 నాటి లెపర్స్ యాక్ట్ 2016లో గానీ రద్దు కాలేదు. విడాకులకు కుష్ఠు ఒక కారణం అన్న నిబంధనను చట్టాల్లోంచి 2019లో తీసేశారు. మందు వచ్చిన ముప్ఫై ఎనిమిదేళ్లకు!

ఇక్కడ మీలో కొందరికి ఒక అనుమానం రావాలి. కుష్ఠు నెమ్మదైన జబ్బు, సరే. కలరా ఉంది, ప్లేగు ఉంది, మొన్నటి కొవిడ్ ఉంది. అప్పుడు కూడా ఎవరి ఇష్టం వారిదేనా? కాదు. హక్కుల గురించి మాట్లాడేవారెవరూ అలా అనలేదు. 1984లో ఇటలీలోని సిరాక్యూజ్ పట్నంలో న్యాయ నిపుణులు కూర్చుని, ప్రభుత్వం హక్కులకు ఎప్పుడు పగ్గం వేయవచ్చో సూత్రాలు రాశారు. ఆ పని చట్టప్రకారం జరగాలి, నిజమైన అవసరం ఉండాలి, దానికి శాస్త్రీయమైన ఆధారం ఉండాలి, అంతకన్నా తక్కువ కష్టపెట్టే దారి ఇంకోటి లేకపోవాలి, ఒకరికో తీరు ఇంకొకరికో తీరు కాకూడదు, గడువు ఉండాలి, మళ్లీ మళ్లీ సమీక్షించాలి. 1898 చట్టాన్ని ఈ ప్రశ్నలు అడిగి చూడండి, చాలావాటికి జవాబు చెప్పలేదు. కొవిడ్ రోగిని కొన్నాళ్లు ఇంట్లో ఉండమనడం ఈ పరీక్షలో నెగ్గుతుంది. అదే రోగి గుమ్మానికి పోస్టరు అంటించడం నెగ్గదు. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా, అధికారుల ప్రత్యేక ఆదేశం ఉంటే తప్ప అలాంటి పోస్టర్లు వేయవద్దని చెప్పింది. ఆ పోస్టరు చూసిన పక్కింటివాడు తనకు జ్వరం వస్తే పరీక్షకు వెళ్లడానికి వెనకాడతాడు. కుష్ఠు నేర్పిన పాఠమే అది.

మరి ఇవాళ పరిస్థితి ఏమిటి? పది వేల మందికి ఒక రోగి కన్నా తక్కువకు తెచ్చామని 2005 డిసెంబరు నాటికి మన దేశం చెప్పుకుంది. అది నిజమే, పెద్ద విజయమే. కానీ అదే అదనుగా ఊరూరా వెతకడం తగ్గిపోయింది. ఇప్పటికీ ఏటా దేశంలో సుమారు లక్షమంది కొత్త రోగులు బయటపడుతున్నారు. ప్రపంచంలోని కొత్త రోగుల్లో సగానికి పైగా మనవాళ్లే. 2016 నుంచి ఆశా కార్యకర్తలు మళ్లీ ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ఆ తిరగడంలోనూ హక్కుల మాట ఉంది. ఆడవాళ్ల ఒంటి మీద మచ్చ చూడాలంటే ఆడమనిషి రావాలి, తలుపు మూసిన గది ఉండాలి. అది మర్యాద కోసమే కాదు, మచ్చ కనబడాలన్నా అదే దారి.

ఇంకొక సంగతి. రోగితో కలిసి మెలిసి ఉండేవారికి ముందు జాగ్రత్తగా ఒక్క మోతాదు రిఫాంపిసిన్ ఇస్తే జబ్బు వచ్చే అవకాశం కొంత తగ్గుతుందని తేలింది. మంచి పద్ధతే. కానీ ఒక వీధిలో పది ఇళ్లకు మాత్ర పంచితే, నడుమ ఇంట్లో ఎవరికో జబ్బు ఉందని వీధంతటికీ తెలిసిపోతుంది. అందుకే రోగి ఒప్పుకుంటేనే, పేరు బయటపడకుండా ఇవ్వాలి. బెర్గెన్ ఆసుపత్రిలో అడగకుండా వదిలేసిన ప్రశ్న ఇక్కడ అడిగి తీరాలి. అడగకపోతే ఈ వీధిలో మాత్రలు అందుతాయేమో, పక్క వీధిలో మాత్రం మచ్చలు మళ్లీ కొంగు చాటుకు పోతాయి.

చట్టం పుస్తకాల్లోంచి పాత మాటలు తీసేయడం సగం పనే. ఉద్యోగంలో, బడిలో, అద్దె ఇంటిలో, బస్సులో వివక్ష చూపితే శిక్షించే సమగ్ర చట్టం కావాలని లా కమిషన్ ముసాయిదా కూడా రాసి ఇచ్చింది. అది ఇంకా చట్టం కాలేదు. దేశంలో ఎనిమిది వందల దాకా కుష్ఠు కాలనీలు ఉన్నాయి. జబ్బు నయమై దశాబ్దాలు గడిచినవారూ, జబ్బే రాని పిల్లలూ మనుమలూ అక్కడే ఉంటున్నారు. వారికి ఇంటి పట్టా, రేషను కార్డు, వికలాంగుల ధ్రువపత్రం అందాలి. 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో ఇలాంటివి ఉన్నాయి. ఆ ఆదేశాలు అమలవుతున్నాయా అని మీ సర్పంచినీ, కౌన్సిలరునూ, ఎమ్మెల్యేనూ అడగండి. అది దానం అడగడం కాదు.

మీరు చేయగలిగినది ఇంకొకటి ఉంది. ఈ రాత్రి ఇంట్లో అందరి వీపులూ, చేతులూ ఒకసారి చూడండి. స్పర్శ లేని మచ్చ కనబడితే మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. పరీక్ష ఉచితం, మందు ఉచితం. మీ పక్కింటివారికి ఆ మచ్చ ఉందని తెలిస్తే వారికి ధైర్యం చెప్పండి, తోడు వెళ్లండి, నాలుగో చెవికి చేరనివ్వకండి. కుష్ఠును తగ్గించే మాత్ర ఎప్పుడో తయారైంది. ఆ మాత్ర దాకా మనిషి భయం లేకుండా నడిచి రావడానికి దారి వేయవలసింది మాత్రం ప్రభుత్వమూ మనమూ కలిసి. ఆ దారి పేరే హక్కు.